జాలీ లేని బండి

కడోదరా నుంచి ఆ రోజు అది నాలుగో తిరుగుడు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. సంతోషి బండి వెనక సీటు మీద ఎడమపక్కకు తిరిగి కూర్చుంది. రెండు పాదాలూ చక్రం పక్కన ఇనుప చట్రంలో బిగించిన చీరల మూట మీద ఆనించి ఉన్నాయి. ఒళ్లో ఇంకో మూట ఉంది. కుడిచేత్తో మొగుడి భుజం, ఎడమచేత్తో ఒళ్లోని మూట పట్టుకోవాలి. కొంగు సంగతి చూసుకోవడానికి చెయ్యి మిగలదు. అందుకే పొద్దున ఇల్లు వదిలేముందే కొంగును తల మీదుగా తెచ్చి, నడుం చుట్టూ తిప్పి, బొడ్లో దోపి పిన్నీసు పెట్టుకుంటుంది. కుచ్చిళ్లను మోకాళ్ల మధ్య ఇరికించుకుంటుంది. ఎంత ఇరికించుకున్నా పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా అంచు ఎటో ఒకవైపు లేస్తుంది. చక్రం దాన్ని ఒకసారి అందుకుని వదిలేస్తుంది. ఆ తాకిడి ముందు పిక్కలకు తెలుస్తుంది. ఊరికే ఉలిక్కిపడితే మూట జారుతుంది కాబట్టి ఉలిక్కిపడకుండా ఉండటం కూడా ఎనిమిది నెలల్లో నేర్చుకుంది.

సారోలి దగ్గర ట్రాఫిక్ పోలీసులు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఈ ఏడు హెల్మెట్ పట్టింపు బాగా ఎక్కువైంది. తలకు ఏమీ లేనివాళ్లను రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి ఫొటోలు తీస్తున్నారు. వాళ్లతోపాటు ఒక కుర్రాడు, బండికి రెండువైపులా గుడ్డల మూటలు కట్టుకున్నవాడు, హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు, అయినా ఆపేశారు. సొంత బండి మీద వ్యాపారం సరుకు మొయ్యకూడదు. వాడు జేబులోంచి ఏవో కాగితాలు తీసి చూపిస్తున్నాడు.

సంతోషి మొగుడు చిరంజీవి వేగం తగ్గించాడు. పోలీసు ముందు అతని హెల్మెట్ చూశాడు. తరవాత సంతోషి తల మీది కొంగు, నుదుటి బొట్టు, చేతులకు గాజులు చూశాడు. మొగుడూ పెళ్లాం, సామాను, ఏదో ఇంటికి పోతున్నారు. చూపు కిందికి, మూటల దాకా రానేలేదు. పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి ఊపించడమే సంతోషి పని.

బుచ్చిరాములుకు అలాంటి బండ్లు ఆరున్నాయి. కడోదరాలో ఎంబ్రాయిడరీ అయిన చీరలను లింబాయత్ గల్లీల్లో ఇంటింటికీ చేర్చాలి. ఆడవాళ్లు వాటికి రాళ్లు అంటించి, లేసు కుట్టి, దారాలు కత్తిరించి ఇస్తే మళ్లీ వెనక్కి తేవాలి. టెంపో పెడితే కిరాయి ఎక్కువ, గల్లీల్లోకి దూరదు. ఒంటరి మగవాడు మోస్తే పోలీసులు ఆపుతారు. వెనక చీర కట్టుకున్న ఆడమనిషి కూర్చుంటే అది సంసారం, సరుకు కాదు. ఈ కిటుకు కనిపెట్టింది బుచ్చిరాములే. బండి అతనిది, పెట్రోలు అతనిది. మొగుడూ పెళ్లాలు కలిసి రావాలి. ఆ ఇద్దరినీ కలిపి జోడా అంటాడు. తిరుగుడుకు నూట ఇరవై, జోడాకు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి ఆడమనిషి రాకపోతే ఆ రోజు మగవాడికి పని లేదు. అలాగని ఆడమనిషికి విడిగా పైసా లేదు. కూర్చోవడానికి డబ్బులేమిటని అతను నవ్వుతూనే అడుగుతాడు.

సంతోషి ఈ గుజరాతీ ఊళ్లోనే పెరిగింది. కార్పొరేషన్ బళ్లో పది దాకా చదివింది. పెళ్లయిన కొత్తలో సల్వార్ కమీజే వేసుకునేది. బండి మీద రెండువైపులా కాళ్లు వేసి కూర్చునేది. జోడాలో చేరాక అవి పెట్టె అడుక్కి పోయాయి. సల్వార్ వేసుకుంటే పనికి పోయేదానిలా కనిపిస్తావని, చీర కట్టుకుంటే ఇంటిదానిలా కనిపిస్తావని బుచ్చిరాములు చెప్పాడు. అత్త సారక్కకు ఆ మాట నచ్చింది. కోడలు మగరాయుడిలా కాళ్లు చాపి కూర్చోవడం ఆవిడకు మొదటినుంచీ గిట్టదు. ఇక హెల్మెట్ సంగతి. వెనక కూర్చున్నవాళ్లకూ ఉండాలని చట్టంలో ఉంది. కానీ ఆడమనిషి నెత్తిన హెల్మెట్ ఉంటే పోలీసు తేరిపార చూస్తాడని, కొంగు ఉంటే చూడడని బుచ్చిరాములు లెక్క. ఒక్కో బండికి ఒక్కో హెల్మెట్ ఇచ్చాడు.

బండి చేతికి వచ్చిన రోజు సారక్క కొబ్బరికాయ పట్టుకుని మెకానిక్ దుకాణానికి వచ్చింది. మెకానిక్ ఓంప్రకాష్ వెనక చక్రం పక్కన వంగి కూర్చుని ఉన్నాడు. కొత్త బండికి ఎడమవైపు చక్రాన్ని కప్పుతూ ఇనుప కడ్డీల అడ్డు ఒకటి ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కంపెనీవాళ్లే బిగించి ఇస్తారు. అది లేకుండా బండి అమ్మకూడదు. మెకానిక్‌లు దాన్ని జాలీ అంటారు. అది ఉంటే మూట పెట్టే చట్రం పట్టదు. ఓంప్రకాష్ తలెత్తి, జాలీ తీసెయ్యనా అని హిందీలో అడిగాడు. బుచ్చిరాములు తియ్యమన్నాడు.

"జాలి తీసేసినంక ఇగ బండిల ఏముంటదిరా," అంది సారక్క.

అందరూ నవ్వారు. సంతోషి కూడా నవ్వింది.

ఇప్పుడు పర్వత్ పాటియా సిగ్నల్ దగ్గర చిరంజీవి ఫోన్ మోగింది. హెల్మెట్ కింద ఇరికించుకుని మాట్లాడాడు. అతను అన్నది రెండు మాటలే, ఊఁ, సరే. ఆకుపచ్చ దీపం వెలిగినా వెంటనే కదల్లేదు. వెనకవాళ్లు హారన్లు కొట్టాక బయల్దేరాడు. అక్కడి నుంచి అంత మెల్లగా నడిపాడంటే సైకిళ్లు కూడా దాటిపోయాయి. సంతోషి రెండుసార్లు ఏందని అడిగింది. ఏం లేదన్నాడు. ప్రతి గుంత దగ్గరా, ప్రతి మలుపులోనూ, ఎడమచెయ్యి వెనక్కి పెట్టి ఆమె మోకాలు అక్కడే ఉందో లేదో తడిమి చూశాడు. పెళ్లయిన ఆరేళ్లలో రోడ్డు మీద అతను అలా చెయ్యడం ఎప్పుడూ లేదు.

లింబాయత్‌లో మూటలు దింపి, చీరలు లెక్కపెట్టి అప్పజెప్పాక చెప్పాడు. లత పడిపోయింది.

"ఎప్పుడు?"

"మనం సిగ్నల్ కాడ ఉన్నప్పుడు ఫోనొచ్చింది గద. గప్పుడే."

"మల్ల గప్పుడే ఎందుకు చెప్పలే?"

"బుచ్చిరాములు కాక సరుకు దించినంకనే పొమ్మన్నడు." హెల్మెట్ పట్టీ సవరించుకుంటూ, "చెప్తే నువ్వు ఎట్ల కూసుంటవు," అన్నాడు.

లత, శివకృష్ణలది మూడో బండి. ఇద్దరూ జగిత్యాల దిక్కు పల్లెనుంచి రెండేళ్ల కిందట వచ్చారు. లతకు ఇరవై రెండు నిండలేదు. సంతోషి వాళ్లు పెద్దాసుపత్రికి చేరేసరికి ఆమెను వార్డులోకి తెచ్చారు. తలకు కట్టు, దాని మీద పసుపు మందు మరక. కుడికాలు మోకాలి దాకా తెల్లటి గుడ్డలో చుట్టి దిండ్ల మీద పెట్టారు. లారీ గాలికి కొంగు చివర బయటికి వచ్చింది. చక్రం అందుకుంది. ఈసారి ఎప్పటిలా వదల్లేదు, చుట్టుకుంది. మనిషిని వెనక్కి గుంజింది, కాలు ఊచల్లోకి పోయింది, తల రోడ్డుకు తగిలింది. మడమ లేదు. పాదం నిలుస్తుందో లేదో రెండు రోజులు ఆగితేగానీ చెప్పలేమన్నారు.

శివకృష్ణ వార్డు బయట గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. హెల్మెట్ ఇంకా మోచేతికి తగిలించుకునే ఉన్నాడు. దాన్ని తీసి పక్కన పెట్టాలని తోచలేదు. సంతోషి దాన్ని తీస్తుంటే ఆమె వంక చూశాడు.

"నేను ముందుగాల మూటలు జరిపిన వదినే," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"కింద పడ్డది. నెత్తురొస్తున్నది. చీరలకంటుతదని ముందు మూటలు పక్కకు గుంజిన. రెండూ గుంజిన. గప్పుడు దాని దిక్కు పోయిన."

మరక పడిన చీర ఖరీదు జోడా మీద పడుతుంది. వాన చినుకు పడినా, ఎవరైనా కిళ్లీ ఉమ్మినా, చెయ్యి ముందు మూట మీదికే పోతుంది. తన చెయ్యి కూడా అలాగే పోతుందని సంతోషికి తెలుసు.

సాయంత్రం నాలుగు దాటాక బుచ్చిరాములు వచ్చాడు. యాభై ఐదేళ్ల మనిషి. పద్నాలుగో ఏట ఊరు వదిలి వచ్చి మగ్గాల కింద పడుకుని పైకి వచ్చినవాడు. కొబ్బరినీళ్లు తెచ్చాడు. వార్డుబాయ్‌తో మాట్లాడి లత మంచాన్ని ఫ్యాను కిందికి జరిపించాడు. శివకృష్ణ జేబులో కొన్ని నోట్లు పెట్టి, లెక్క తరవాత చూసుకుందామన్నాడు. చూసేవాళ్లకు ఇంటి పెద్ద వచ్చినట్టే ఉంది. ఆ తరవాత సంతోషిని మెట్ల దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, నువ్వు ఈడ చదువుకున్నదానివి. హిందీ, గుజరాతీ రెండూ వస్తయి. పొద్దుగాల పోలీసు చౌకీకి నువ్వు జర రావాలె. లతెమ్మటి దానివని, దాని సంగతి తెలిసినదానివని బయాన్ ఇయ్యాలె."

"ఏమని ఇయ్యాలె కాకా?"

అతను నెమ్మదిగా చెప్పాడు. మొగుడూ పెళ్లాలు చుట్టాలింటికి పోతున్నారు. పిల్ల కొంగు వదిలేసింది. ఎప్పుడూ అంతే, ఒంటి మీద ధ్యాస తక్కువ. మూటలేమీ లేవు. బండికి జాలీ ఉంది.

"జాలీ లేదు గద."

"రేపటికి ఉంటది."

మెట్ల మీద ఎవరో పళ్లెం తీసుకుని దిగుతుంటే ఇద్దరూ పక్కకు జరిగారు. బుచ్చిరాములు గొంతు ఇంకా తగ్గించాడు. జాలీ లేదని తెలిస్తే బీమావాళ్లు లత కాలికి పైసా ఇవ్వరన్నాడు. కేసు తన మీద పడుతుందని, ఆరు బండ్లూ అమ్ముకోవాలని, ఆరు జోడాలూ రోడ్డున పడతాయని చెప్పాడు. ఇదంతా లత కోసమేనని రెండుసార్లు అన్నాడు.

"మూడువందల యాభైకి వస్తది కాకా జాలీ. ముందే పెట్టిస్తే ఏమాయె?"

అతనికి కోపం రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "జాలీ పెడితే చట్రం పట్టదు బిడ్డా. చట్రం లేకుంటే మూట పట్టదు. మూట లేకుంటే నువ్వెందుకు, నేనెందుకు?"

వార్డులోకి తిరిగి వస్తే లత కళ్లు తెరిచి ఉంది. సంతోషి పక్కన కూర్చుని ఆమె చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. మందు మత్తులో మాట తడబడుతోంది. బుచ్చిరాములు మాట శివకృష్ణ అప్పుడే ఆమెకు చెప్పేసినట్టున్నాడు.

"అక్కా, నేను కొంగు ఇడిసిపెట్టిన్నని చెప్పాల్నట."

"ఇప్పుడు గవన్ని ఎందుకు, పండుకో."

"రెండు పిన్నీసులు పెట్టుకున్న. ఒకటి బొడ్ల, ఒకటి బుజం మీద." కట్టు కింద నుదురు ముడతపడింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పైకి చూసింది. "ఇంకోటి పెట్టుకునేదుండెనా అక్కా?"

ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. మూడో పిన్నీసు ఎక్కడ పెట్టుకోవాల్సిందో తెలుసుకోవాలని ఉంది ఆమెకు.

ఇంటికి వచ్చాక ఎవరికీ అన్నం సయించలేదు. ఒక్క గది ఇల్లు. మూలన పొయ్యి, ఇంకో మూలన రాళ్లు అంటించాల్సిన చీరల కట్ట. చిరంజీవి గుమ్మంలో కూర్చుని బండి తాళంచెవి వేలికి తిప్పుతూ ఉన్నాడు. సంతోషి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. చివరికి అతనే మొదలుపెట్టాడు. చౌకీలో బుచ్చిరాములు చెప్పినట్టే చెప్పమన్నాడు. లతకు ఎలాగూ పోయిన మడమ రాదన్నాడు.

"రెండు పిన్నీసులు పెట్టుకున్నదట," అంది సంతోషి.

"పెట్టుకుంటే పెట్టుకుంది. గది పోలీసులకెందుకు?" అతని గొంతు హెచ్చింది, మళ్లీ తగ్గింది. "మల్ల మగ్గం కాడికి పొమ్మంటవా? పన్నెండు గంటలు నిలవడి నిలవడి పిక్కలు పగిలినయి. ఎడమ చెవు సగం పోయింది. బండెక్కినంకనే జర మనిషి లెక్కున్న. నీ పుణ్యానే ఉన్న, కాదంటలేను. కని బండి గుంజుకుంటే ఏంజేద్దాం చెప్పు."

అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పోలీసు చెయ్యి ఊపినప్పుడల్లా అతని భుజం తన చేతికింద వదులయ్యేది, అది సంతోషికి తెలుసు. ఆ ఊపిరి కోసమే ఎనిమిది నెలలుగా కూర్చుంటోంది.

సారక్క అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేచి దండెం మీది సంతోషి చీరలు రెండు తీసి, అంచులు తిరగేసి కోడలి ముందు పరిచింది. గ్రీజు మరకలు ఉన్నచోటల్లా చిన్న చిన్న కుట్లు ఉన్నాయి. చక్రం కొరికిన ప్రతి చోటా లోపలినుంచి అతుకు వేసి, పైకి కనిపించకుండా సన్నగా కుట్టి ఉంది. సంతోషి తనే ఉతుక్కునే చీరలు అవి. మడత పెట్టేది మాత్రం అత్త. సంతోషి వాటిని ఇంత దగ్గరగా ఏనాడూ చూడలేదు.

"ఇవన్ని ఎవరు కుట్టిన్రు?"

"నేనే. ఎనిమిది నెలల సంది కుడుతున్న. రంగుకు రంగు దారం దొరకక సస్తున్న."

"మల్ల నాకెందుకు చెప్పలే అత్తా?"

సారక్క చీరలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"చెప్తే నువ్వు ఎక్కవని," అంది.

గుమ్మంలో తాళంచెవి తిరగడం ఆగిపోయింది.

పొద్దున తొమ్మిదింటికి చౌకీ ముందు వేపచెట్టు నీడలో శివకృష్ణ బండి నిలబెట్టి ఉంది. హ్యాండిల్ వంకర పోయింది, ముందు దీపం పగిలింది, ట్యాంకు మీద నిన్నటి దుమ్ము అలాగే ఉంది. ఎడమ పక్క చట్రం లేదు. అక్కడ కొత్త జాలీ నిగనిగలాడుతూ బిగించి ఉంది. ఒక్క గీత లేదు దాని మీద. సంతోషి దగ్గరికి వెళ్లి వంగి చూసింది. జాలీ కడ్డీల వెనక, ఇరుసు చుట్టూ, కత్తెరకు అందని చోట నీలం గుడ్డ పేలిక నల్లటి గ్రీజులో తాడులా చుట్టుకుపోయి ఉంది. ఓంప్రకాష్ ఎదుటి టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తలెత్తేసరికి అతను గ్లాసులోకి చూసుకున్నాడు.

లోపల బల్ల వెనక ఆడ కానిస్టేబుల్ ఉంది. ఇంచుమించు సంతోషి ఈడుదే. బల్ల చివర ఆమె హెల్మెట్, పక్కన టిఫిన్ డబ్బా. గుజరాతీలో చకచకా రాస్తోంది. బుచ్చిరాములు బల్లకు ఒక పక్కన నిలబడి తన హిందీలో చెబుతున్నాడు. సంతోషి పేరు, మొగుడి పేరు, వయసు, ఇల్లు. చిరంజీవి లోపలికి రాలేదు, బండి మీదే కూర్చున్నాడు. కానిస్టేబుల్ మధ్యమధ్య తలెత్తకుండానే, అవునా అని సంతోషిని అడుగుతోంది. మొదటి రెండు మూడు ప్రశ్నలకు సంతోషి అవుననే అంది. అవి నిజాలే. ఆ తరవాతివాటికి ఊరుకుంది. ఊరుకుంటే అవుననే రాసుకుపోయింది కానిస్టేబుల్. ఆమె ఇంకా ఆరు బయాన్లు, సాక్షుల మాటలు, రాసుకోవాలి, ఫ్యాను తిరగడం లేదు.

రాయడం అయిపోయాక కాగితం సంతోషివైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టింది. కింద మూలన వేలితో చూపించింది, సంతకం అక్కడ.

"పెట్టు బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు తెలుగులో. "పోదాం, లతకు జ్యూసు తీస్కపోవాలె."

సంతోషి పెన్ను తీసుకోలేదు. కాగితం దగ్గరికి లాక్కుని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. కానిస్టేబుల్ ఆశ్చర్యంగా చూసింది. గుజరాతీ వచ్చా అని అడిగింది. వచ్చని తలూపింది సంతోషి. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ పోయింది. పేరు సరిగానే రాసింది. మొగుడి పేరులో ఒక అక్షరం తప్పు, ఫరవాలేదు. వయసు ఇరవై తొమ్మిది. దాని కింద, ధంధో, అంటే వృత్తి, అన్నచోట, ఎవరూ అడగని ప్రశ్నకు ఎవరూ చెప్పని జవాబు. ఘర్‌కామ్. ఇంటిపని.

వేలు అక్కడే ఆగిపోయింది.

ఈ మాట ఎక్కడెక్కడ రాశారో ఆమెకు గుర్తుకొచ్చింది. రేషన్ కార్డులో, ఆసుపత్రి చీటీలో, బ్యాంకు కాగితంలో. ఏనాడూ రెండోసారి చూడలేదు. ఇప్పుడు చూస్తే కింద ఉన్న పదిహేను వరసలూ ఆ ఒక్క మాటకే వేలాడుతున్నాయి. ఇంటిపని చేసుకునేది బండెక్కితే చుట్టాలింటికే పోతుంది. చుట్టాలింటికి పోయేదాని దగ్గర మూటలుండవు. మూటలు లేకపోతే జాలీ తియ్యాల్సిన అవసరమే లేదు. ఇక మిగిలింది ఆ పిల్ల కొంగే.

"ఇది తప్పు," అంది గుజరాతీలో. వేలు తియ్యకుండానే మళ్లీ అంది. "ఇది తప్పు మేడమ్. దీని కిందివి కూడా."

బుచ్చిరాములు ఒక అడుగు ముందుకు వేశాడు. "సంతోషీ," అన్నాడు. బిడ్డా అనలేదు.

ఆమె అతనివైపు తిరగలేదు. తిరిగితే ఆరు బండ్లూ, ఆరు ఇళ్లూ అతని మొహంలో కనిపిస్తాయని భయం. బల్ల అంచు పట్టుకుని కానిస్టేబుల్‌తోనే మాట్లాడింది. లత కొంగు వదిలెయ్యలేదని, రెండు పిన్నీసులు పెట్టుకుందని, ఒకటి బొడ్లో, ఒకటి భుజం మీద అని చెప్పింది. జాలీ నిన్న లేదని, వంగి చూస్తే ఇరుసుకు చీర పేలిక ఇంకా ఉందని చెప్పింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హిందీ, గుజరాతీ కలిసిపోయాయి. మధ్యలో తెలుగు కూడా దొర్లింది. కానిస్టేబుల్ మొదట చెయ్యి అడ్డం పెట్టి ఆపబోయింది. తరవాత ఆపలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వేపచెట్టు కింది బండి వంక కాసేపు చూసి వచ్చింది. కూర్చుని కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నువ్వు కూడా అలాంటి బండి మీదే పోతావా?"

"రోజూ. ఆరు తిరుగుళ్లు."

"జీతమెంత?"

"నాకు లేదు."

కానిస్టేబుల్ ఆమె మొహంలోకి చూసింది. వచ్చినప్పటినుంచీ అలా చూడటం అదే మొదలు. బుచ్చిరాములు ఫోన్ తీసి ఎవరికో చెయ్యడానికి వరండాలోకి వెళ్లాడు. అతని చెప్పుల చప్పుడు వినబడింది. తరవాత బయట బండి స్టార్టయిన చప్పుడు. అది చిరంజీవిదేనని సంతోషికి తెలుసు. ఆ ఇంజను దగ్గు ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పోతున్నాడో, తన కోసం తిప్పి పెడుతున్నాడో తెలియలేదు.

కానిస్టేబుల్ ఘర్‌కామ్ అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీసింది. కొట్టివేత పక్కన కూడా సంతకం చెయ్యాల్సి ఉంటుందని చెప్పింది. ఆ పైన ఖాళీలో పెన్ను మొన ఆనించి ఆగింది.

"మరి ఏం రాయను?"

సంతోషి నోరు తెరిచింది. ఆ పనికి ఆమెకు వచ్చిన మూడు భాషల్లోనూ పేరు లేదు.

"రాయండి," అంది. "చెప్తాను."

పెన్ను మొన కింద సిరా చుక్క కొంచెం కొంచెంగా పెద్దదవుతోంది.